పంచాంగంలో చీటీ, గోడ దాటిన ఎలుక

నాకు పద్దెనిమిదేళ్ళు నిండిన ఏడు, ప్లేగు రోజుల్లో, నాంపల్లిలో నలభై మంది ప్రాణాలు ఒంటిచేత్తో కాపాడాను. మొన్న ఆదివారం మా మనవరాలితో ఈ మాట అన్నాను. ఊరికే అనలేదు, ఆ పిల్ల అడిగితేనే అన్నాను. తను పనిచేసే కంప్యూటర్ కంపెనీ వాళ్ళు ఒక కాగితం ఇచ్చి నింపుకు రమ్మన్నారట. జీవితంలో మీరు అన్నిటికన్నా మిన్నగా ఎంచేది ఏమిటి అని పైన ఒక గడి, దానికి తగ్గట్టు ఈ ఏడాది మీరు సాధించదలచుకున్నవి ఏమిటి అని కింద అయిదు గడులు. పిల్ల కింది అయిదూ చకచకా నింపేసి, పైగడి దగ్గరికొచ్చేసరికి కలం నోట్లో పెట్టుకుని కూర్చుంది. నీకైతే ఏముండె తాతా, అని నన్నడిగింది. సత్యం, అన్నాను నేను గొంతు సవరించుకుని. అన్నాక దానికి ఒక దాఖలా చూపించాలి కదా, అందుకని ఆ నలభై మంది సంగతి చెప్పాను. పిల్ల కళ్ళు పెద్దవి చేసి, గడిలో సత్యం అని రాసేసుకుంది.

అదిగో, అది రాసుకోవడంతోనే నాకు మధ్యాహ్నపు కునుకు పోయింది. నా మాట నేను మోసుకు తిరగడం వేరు, ఇంకొకరు కాగితం మీద పెట్టుకుని ఆఫీసుకు తీసుకుపోవడం వేరు. కనుక నా ఈడు వాళ్ళు, ప్లేగు రోజులు చూసినవాళ్ళు, ఈ నాలుగు ముక్కలూ చదివి నన్ను క్షమించాలి. నలభై మంది కారు. మా ఇంట్లో ఉన్నది నాయన, అమ్మ, పెదనాన్న, అక్క, నేను, వెరసి అయిదుగురం. అక్క కడుపులో ఉన్న బిడ్డతో ఆరుగురం. పక్కింటి ఆవునూ దూడనూ కలుపుకున్నా ఎనిమిది దాటదు. ఒంటిచేత్తో అన్న మాట మాత్రం నిజం, రెండో చేత్తో ముక్కు మూసుకున్నాను కాబట్టి. ఇక కాపాడడం అన్నదాని సంగతి వరసగా చెబుతాను.

మా ఇల్లు నాంపల్లి స్టేషను వెనక సందులో ఉండేది. నాయన స్టేషనులోనే పార్సెల్ గుమస్తా. పెదనాన్న గన్‌ఫౌండ్రీ దగ్గర ఒక బడిలో పంతులు. పెద్దమ్మ పోయినప్పటి నుంచీ మాతోనే ఉండేవాడు, ఇంట్లో ఆయన మాటే మాట. ఆయన పెట్టిన ఒక ఆచారం గురించి ముందు చెప్పాలి. ఉగాదినాడు పచ్చడి తిన్నాక, పంచాంగం చదివే ముందు, ఇంట్లో ప్రతివాళ్ళూ ఈ ఏడు నేను ఇట్లా ఉంటాను అని ఒక్క వాక్యం చీటీ మీద రాసి ఇవ్వాలి. ఆ చీటీలన్నీ కొత్త పంచాంగంలో పెట్టి దేవుడి పటం వెనక ఉంచేవాడు. మళ్ళీ ఉగాదికి అవి బయటికి తీసి, అందరి ముందూ పైకి చదివేవాడు. ఏ పరీక్షకూ పడనంత భయం నేను ఆ చదువుడుకు పడేవాణ్ణి. నాయన ఏటేటా పొడుం మానేస్తాను అని రాసి, రాసిన మంచి ఘడియకు గుర్తుగా ఒక పట్టు పట్టేవాడు. అమ్మకు రాయడం రాదు కనుక పెదనాన్నే రాసిపెట్టేవాడు, అందుచేత అమ్మ చీటీ ఎప్పుడూ నెగ్గేది. అక్క పెళ్ళికి ముందు ఒక ఏడు ఎవరి మీదా గొంతు ఎత్తను అని రాసి, వంటింట్లోకి వెళ్ళి పూర్ణం మాడిందని అమ్మ మీద అరిచింది, అప్పటికి సిరా కూడా ఆరలేదు.

ఆ ఏడు నేను ఒక వాక్యం కాదు, అయిదు రాశాను. మెట్రిక్ రెండో తరగతిలో గట్టెక్కుతాను, సైకిలు కొంటాను, ఇంగ్లీషు పేపరు చదువుతాను, రోజుకు నూరు దండీలు తీస్తాను, సర్కారు కచేరీలో కొలువు సంపాదిస్తాను. పెదనాన్న అద్దాలు పెట్టుకుని చదివి, కాగితం నా చేతికి తిరిగి ఇచ్చాడు.

"ఇండ్ల ఒక్కటి గూడ నీది గాదు బిడ్డా. అన్ని మందికి చూపెట్టనీకె. ఏది లేకుంటే నీకు బువ్వ గొంతు దిగదో గది చూసుకొని, ఒక్కటి రాయి."

నాకు అప్పట్లో ఏది లేకపోయినా బువ్వ దిగేది. ఎంత ఆలోచించినా ఏదీ తట్టలేదు. చివరికి, ఆయనకు ఏది రాస్తే నచ్చుతుందో అది రాశాను: జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని, నా మొహం వంక చూసి, మడిచి పంచాంగంలో పెట్టాడు. నాకున్న అలవాటుకు అది పిల్లి ఉపవాసం ఉంటానన్నట్టే.

అప్పుడు నేను ఆబిడ్స్‌లో, సూట్లు కుట్టే ఒక దర్జీ దుకాణంలో పనిచేస్తున్నాను. మాస్టర్ టేపు పట్టి అంకెలు పలికితే నేను కాగితం మీద ఎక్కించాలి, అంతే పని. చేరిన కొత్తలో ఒక పెద్దమనిషి ఛాతీ పొంగించి నిలబడ్డాడు కదా, పాపం ఆయన మనసెందుకు నొప్పించాలని రెండు అంగుళాలు కలిపి రాశాను. ఆ కోటు ఆయన మీద గోనెసంచిలా వేలాడింది. మాస్టర్ కొట్టలేదు. అరే, నీ నోట్లె ఉన్న రెండించులు నోట్లెనే ఉంచుకో, కాగితం మీదికి తేకు, అన్నాడు. అదీ నా వాలకం. అట్లాంటివాణ్ణి ఆ చీటీ రాశాను.

చలి మొదలైన రోజుల్లో ఊళ్ళో ప్లేగు అన్న మాట వినిపించసాగింది. ఆ మాట ఇప్పటివాళ్ళకు పుస్తకంలో మాట. మాకు మాత్రం ఎవరి ఇంటనన్నా ఎలుక పడిందట అని వింటే చాలు, చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయేది. మనిషికి రాకముందు ఎలుకకు వస్తుంది. ఇంట్లో ఎలుక దానంతటది చచ్చి పడిందంటే, చూసినవాళ్ళు వెంటనే సఫాయి జమేదారుకు చెప్పాలి. ఆయన మనుషులు వచ్చి తలుపు మీద గేరుతో, అంటే ఎర్రమట్టితో, గుర్తు వేసేవారు. ఇంటివాళ్ళు ఉన్నపళాన మూట కట్టుకుని ఊరి బయట మైదానంలో వేసిన తడికెల గుడిసెల్లోకి పోవాలి. ఇంటి కప్పు పెంకులు ఊడదీసి లోపలికి ఎండ పడేట్టు చేసేవారు. వారాల తరబడి అక్కడే ఉండాలి. మా సందులో నీళ్ళు పోసే ఆయన కొడుకు, నా ఈడువాడు, మంగళవారం నాతో పతంగి ఎగరేసినవాడు, శుక్రవారానికి లేడు. చంకలో బిళ్ళ కట్టిందని అందరూ గుసగుసలాడారు. అప్పటి నుంచీ నేను స్నానం చేసేటప్పుడు చేతులు పైకెత్తడం మానేశాను.

అక్క అప్పుడు పురిటికి వచ్చి ఉంది, తొమ్మిదో నెల. బావకు జిల్లాలో ఉద్యోగం.

ఒకనాడు తెల్లవారుతూనే, బియ్యం డబ్బాలు పెట్టే వెనకగదిలోకి పళ్ళపొడి కోసం వెళ్ళాను. డబ్బాకూ గోడకూ మధ్య ఎలుక. వెల్లకిలా పడి ఉంది, పొట్ట ఉబ్బి ఉంది, ఎవరో అడుగుతుంటే లేదు లేదు అన్నట్టు ముందుకాళ్ళు రెండూ పైకెత్తి ఉన్నాయి. నేను అరవలేదు. ధైర్యం వల్ల కాదు, అరిస్తే అక్క లేస్తుంది. ఆ గదికీ అక్క పడుకున్న గదికీ మధ్య ఒక పల్చని తలుపు. అవతల నుంచి ఆమె నిద్రలో బరువుగా ఊపిరి తీయడం వినిపిస్తున్నది. ఈ సంగతి చెబితే ఈ పూటే ఈ మనిషిని, నిండుగర్భిణిని, చలిలో తడికెల గుడిసెలో పడుకోబెట్టాలి. మంత్రసాని అక్కడికి వస్తుందో రాదో. చెప్పకపోతే ఏమవుతుందో నీళ్ళాయన కొడుకు చెప్పి వెళ్ళాడు. రెండు వైపులా చావే కనిపించింది. అట్లాంటప్పుడు వివేకవంతుడు పెద్దవాళ్ళను లేపుతాడు. నేను వంటింట్లోంచి పట్టకారు తెచ్చాను.

కుడిచేత్తో పట్టకారు, ఎడంచేత్తో ముక్కు. పెరట్లోకి వెళ్ళి, దుకాణంలో పాడైపోయిన కొలతల కాగితం ఒకటి జేబులో ఉంటే దాంట్లో చుట్టి, వెనకగోడ మీంచి అవతలికి విసిరేశాను. అవతల ఖాళీ జాగా అనుకున్నాను. నిజానికి గోడ ఆ మూల వంకర తిరుగుతుంది, ఆ వంపులో ఉన్నది ఉస్మాన్‌గంజ్‌లో ధాన్యం వ్యాపారం చేసే పక్కింటివాళ్ళ కొట్టం. నా ఎలుక వెళ్ళి వాళ్ళ ఆవు ముందు పడింది.

పది గంటలకు జమేదారు వాళ్ళ తలుపు మీద గేరు పూశాడు. మధ్యాహ్నానికి ఎడ్లబండి వచ్చింది. వాళ్ళ నానమ్మ, ఎనభైయేళ్ళ మనిషి, బండి మీద మూటల మధ్య కూర్చుని, జమేదారునూ, ఎడ్లనూ, ఎలుకల వంశాన్నీ వరసపెట్టి తిడుతూ వెళ్ళిపోయింది. మా అమ్మ గుమ్మంలో నిలబడి, మన ఇంటికి రాలేదు తల్లీ, అని దండం పెట్టుకుంది. నేను అమ్మ వెనక నిలబడి ఉన్నాను. అప్పుడు జమేదారు మా అరుగు దగ్గరికి వచ్చి, గోడకు గోడే కదా, మీ దిక్కు ఏమన్న పడ్డదా, అని అడిగాడు. పెదనాన్న వెనక్కు తిరిగి ఇంట్లో ఒక్కొక్కరి మొహం చూడసాగాడు, నాయనను, అమ్మను, గోడకానుకుని కూర్చున్న అక్కను. నా వంతు రాకముందే, లేదు, అన్నాను.

ఆ రోజు అన్నం కలిపాను గానీ నోట్లోకి పోలేదు. అక్క ఆ వెనకగది వైపు అడుగేసినప్పుడల్లా నాకు చెమటలు పట్టేవి. ఆమె వీపు నొప్పి అన్నా, తల బరువుగా ఉందన్నా, అయిపోయింది, నేనే చంపాను అనుకునేవాణ్ణి. పైగా ఇంట్లో ఇంకా ఎన్ని ఉన్నాయో. పైకప్పులో చప్పుడైతే భయం, చప్పుడు కాకపోతే ఇంకా భయం, బతికి ఉన్న ఎలుకలే కదా చప్పుడు చేసేది.

మర్నాడు దుకాణంలో మాస్టర్‌కు జలుబు చేసి, టేపు కూడా నన్నే పట్టమన్నాడు. ఛాతీ కొలవాలంటే టేపు రెండు చంకల కిందినుంచీ పోవాలి కదా. ఒక్కొక్క గిరాకీ చేతులు పైకెత్తుతుంటే నేను మొహం పక్కకు తిప్పుకుని టేపు పట్టాను. వీళ్ళకు ఉందేమో అని కొంతసేపు, నాకే ఉండి వీళ్ళకు అంటిస్తున్నానేమో అని కొంతసేపు. చివరికి తెర వెనక అద్దం ముందు నిలబడి నా చంకలు నేనే నొక్కి చూసుకున్నాను. ఎంత గట్టిగా నొక్కితే అంత నొప్పి. నొప్పి ఉంది కనుక బిళ్ళ ఉంది అని తేల్చుకున్నాను. తెర తొలగించి మాస్టర్ చూశాడు.

"ఏందిరా, నీకు నువ్వే కోటు కొలుసుకుంటున్నవా? పొద్దు తిరిగింది, ఇంకా అన్నం డబ్బా ఇప్పలేవ్. బుఖారొచ్చిందా?"

జ్వరం కాదన్నాను. మరేంది, అన్నాడు. నేను నా డబ్బా వైపు చూశాను. బువ్వ గొంతు దిగడం లేదు. పెదనాన్న అడిగింది ఇదేనని అప్పుడు తెలిసింది. సంబరపడాల్సింది పోయి డబ్బాను బల్ల కిందికి తోసేశాను. దొంగసరుకులా రాసి ఇచ్చిన చీటీ నిజంగా నాదై కూర్చుంది, ఇక తప్పించుకునే దారి లేదు.

ఇక్కడ నేను మా పిల్లలకు ఎప్పుడూ చెప్పేదేమిటంటే, టేపు అక్కడే పారేసి పరుగెత్తుకుంటూ ఇంటికి వెళ్ళానని. ఆబిడ్స్ నుంచి నాంపల్లికి పరుగెత్తేవాడు ఎంతసేపట్లో చేరతాడో మీకూ తెలుసు. నేను ముందు సుల్తాన్ బజార్ దాకా పోయాను, ఏ పనీ లేకుండా. అక్కడ చీరల దుకాణాల ముందు ఒకటికి రెండుసార్లు తిరిగాను. తర్వాత, ఇంట్లో అందరి ముందు కన్నా పెదనాన్నకు ఒక్కడికే చెబితే నయమని గన్‌ఫౌండ్రీలో ఆయన బడికి వెళ్ళాను. మీ పెదనాన్న పగటాల్లకే ఇంటికి పోయిండు, అని అక్కడి బంట్రోతు చెప్పాడు. ఎన్నడూ గంట కొట్టకముందు గడప దాటని మనిషి. అక్కకే ఏదో అయిందనుకున్నాను. అప్పుడు మాత్రం నిజంగానే పరుగెత్తాను, ఈ ఒక్కటి నమ్మండి.

ఇంటికి చేరేసరికి దీపాల వేళ. సందు మొగదల ఒక ఎడ్లబండి నిలబడి ఉంది, ఎవరిదో అనుకుని దాటిపోయాను. పెదనాన్న షేర్వాణీ, టోపీ తీయకుండా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అక్క లోపల కుర్చీలో ఉంది, ప్రాణంతో ఉంది. నేను అరుగు ముందు నిలబడి చెప్పాను. వెనకగది, పట్టకారు, గోడ, పక్కింటి ఆవు, లేదు అని నేను ఆడిన అబద్ధం, అన్నీ. ఒక్క అంగుళం కలపలేదు. చెబుతూ చెబుతూ ఏడ్చాను, అది కూడా కలిపింది కాదు. పెదనాన్న కొడతాడనుకున్నాను. ఆయన లేచి, నా తల మీద చెయ్యి వేసి, పరుపులు కట్టు, అన్నాడు. జమేదారు దగ్గరికి నేనే పోతాను అన్నాను. అక్కర్లేదు అన్నాడు. నేను కాళ్ళు కడుక్కునేలోగా బండి గుమ్మంలోకి వచ్చింది, అమ్మ గిన్నెల మూట భుజానికెత్తుకుంది. ఆ రోజుల్లో ఏ పనైనా అంత చురుగ్గా సాగేది.

గుడిసెల్లో మా పక్కగుడిసె నా ఎలుక తరిమిన పక్కింటివాళ్ళదే. మర్నాడు పొద్దున్నే వెళ్ళి వాళ్ళ నానమ్మకు చెప్పాను. ఆమె తడికెకు ఆనుకుని ఆకు నములుతూ అంతా విని, పక్కకు ఉమ్మేసి అన్నది:

"నీదొక్కటే అనుకున్నవా? మా ఇంట్ల గంతకుముందే మూడు పడ్డయి. పొయ్యిల బూడిదల పూడ్సినం. నీ ఎలుక ఆవు ముంగట పడంగనే నౌకరు లొల్లి చేసిండు, ఇగ దాచుడు కాలె. పో, పోయి నీళ్ళు కాగవెట్టు, మీ అక్క మొఖం చూస్తే ఇయ్యాల్నో రేపో ఉన్నది."

అయిదో నాడు ఆ గుడిసెలోనే అక్క ప్రసవించింది. ఎక్కడి నుంచో ఒక మంత్రసాని వచ్చింది గానీ నానమ్మ ఆమెను చెయ్యి వేయనీయలేదు. మగపిల్లవాడు. వాడికిప్పుడు పింఛను వస్తున్నది. మా ఇంటి పెంకులు తీసిన మనుషులు, అక్క మంచానికి సరిగ్గా పైన, వాసాల సందున ఏడు ఎలుకలు చచ్చి ఉన్నాయని నాయనకు చెప్పారు. ఏడా, తొమ్మిదా అని నన్ను అడగకండి, నాయన ఏడనే చెప్పాడు.

తరవాతి ఉగాదికి పెదనాన్న చీటీలు తీశాడు. నా వంతు వచ్చేసరికి నేను అమ్మ వెనక్కి జరిగాను. ఆయన దాన్ని పైకి చదవలేదు. మళ్ళీ మడిచి కొత్త పంచాంగంలో పెట్టి, ఇది ఇంకో ఏడు ఉండనీ, అన్నాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ నాకు కొత్త చీటీ ఇవ్వలేదు. ఏటేటా అదే చీటీ, ఏటేటా అదే భయం. మడతల దగ్గర కాగితం చిరిగిపోతే గోధుమపిండి జిగురుతో అతికించాడు.

ఇప్పుడు ఆబిడ్స్‌లో ఆ దుకాణం ఉన్న చోటేదో నాకే ఆనవాలు తెలియదు. మా సందులో పెద్ద మేడలు లేచాయి, పెంకులు ఊడదీయడానికి పెంకులే లేవు. మనవరాలి కాగితం మీద అయిదు గడులున్నాయి, అందంగా ఉన్నాయి. నింపినది ఆఫీసులో ఏదో పెట్టెలోకి పోతుంది, ఏడాది తర్వాత ఇంకో కాగితం వస్తుంది. దాన్ని తీసి ఆ పిల్ల ముందు కూర్చుని పైకి చదివేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఎవరికంత టైముంది తాతా, అన్నది. మమ్మల్ని భయపెట్టడానికి ఇంట్లో ఒక మనిషి ఉండేవాడు. ఆ భయం మీద ఎంత కోపగించుకున్నామో, అది లేనప్పుడు అంత చలివేసింది. నాకు ఒక్క మంచి గుణం అబ్బిందంటే అది భయం పెట్టిన భిక్షే, ఆ సాయంత్రం నా నోటితో నేను చెప్పి, ఇంటిల్లిపాదినీ గండం దాటించానన్న తృప్తి ఒక్కటే నాతో మిగిలింది.

ఇంతవరకూ రాసి, అచ్చుకు పంపేముందు అక్కకు ఒకసారి వినిపించమని మనవరాలిని పంపాను. అక్కకు చూపు ఆనదు, చెవులు మాత్రం పదును. ఆమె అంతా విన్నదట. విని, ఇది కూడా రాసుకొమ్మని ఆ పిల్లతో చెప్పి పంపింది:

"నువ్వు దాటించినవా? పట్టకారు పట్టుకొని నువ్వు పెరట్లకు పోతుంటే తలుపు సందుకెల్లి చూసిన. నువ్వే చెప్తవని ఒక దినం ఆగిన, చెప్పకపోతివి. తెల్లారి పెదనాన్నకు నేనే చెప్పిన. జమేదారుకు ఆయన చెప్పిండు. బండి ఐదు గొట్టంగనే వచ్చి సందు మొగదల నిలవడ్డది. ఎక్కుదాం నడువుమంటే, వాడు వచ్చి వాని నోటితోటి చెప్పనీ, జర ఆగుదాం అన్నడు. నువ్వు సుల్తాన్ బజార్ల చీరెలు చూసుకుంట తిరుగుతుంటే, నీ సత్యం కోసం నేను నిండు కడుపుతోటి గా ఎలుకల కింద గంటసేపు కూసున్న."